టైరు పేలుట దైవికం కాదు: చిన్న స్పోర్టీ కార్లకు కొత్త టైర్ల ఎంపిక, అమరికలో పాటించవలసిన జాగ్రత్తలు

(ప్రత్యేక వ్యాసం)

టైరు పేలి కారు అదుపు తప్పిందన్న వాక్యం రహదారి ప్రమాద వార్తలలో తరచుగా కనిపిస్తుంది. చదివినవారికి అది ఎవరి చేతిలోనూ లేని ఆపదగా తోస్తుంది. టైరు పేలేది ఒక్క క్షణంలోనే అయినా, అందుకు దారితీసే కారణాలు చాలా రోజుల ముందే ఏర్పడి ఉంటాయి. గాలి తక్కువగా ఉండడం, గాడులు అరిగిపోవడం, రబ్బరు వయసు మీరడం, పక్కభాగం ఉబ్బడం, కారుకు సరిపడని కొలత టైరు వాడడం వంటి లోపాలన్నీ కంటితోనో, గాలి కొలిచే గేజితోనో కనుగొనదగినవే. మోటారు వాహనాల చట్టం, 1988లోని 190వ సెక్షను కూడా తెలిసిన లోపంతోపాటు, సాధారణ శ్రద్ధ వహిస్తే తెలిసికొనగలిగి ఉండే లోపంతో వాహనం నడపడాన్ని శిక్షార్హంగా పరిగణిస్తున్నది. ఆ లోపం వల్ల ప్రమాదం జరిగి ఎవరైనా గాయపడినా, ఆస్తి నష్టం సంభవించినా మూడు నెలల వరకు జైలు శిక్ష విధించే వీలున్నది.

ఈ జాగ్రత్తల ఆవశ్యకత చిన్న స్పోర్టీ కార్ల విషయంలో మరింత ఎక్కువ. చిన్న కారులో శక్తిమంతమైన ఇంజను, వెడల్పయిన టైర్లు, పొట్టి పక్కభాగాలు ఉన్నప్పుడు వేగం సులభంగా అందుతుంది. కానీ కారును రోడ్డుకు పట్టి ఉంచేది ఒక్కొక్క టైరు కింద సుమారు అరచేయంత స్థలం మాత్రమే. 158 కిలోమీటర్ల పొడవైన హైదరాబాద్ బాహ్య వలయ రహదారిపై గంటకు 120 కిలోమీటర్ల వేగం వరకు అనుమతి ఉన్నది. ఆ వేగంలో చిన్న లోపమైనా పెను ప్రమాదానికి దారితీయవచ్చు.

టైరుపై అంకెల అర్థం

డ్రైవరు వైపు తలుపు చట్రంపై అతికించిన పట్టికలో తయారీదారు నిర్దేశించిన టైరు కొలత, గాలి ఒత్తిడి ముద్రించి ఉంటాయి. టైరు కొనుగోలుకు ప్రామాణికం ఆ పట్టికయే. 2021లో మన దేశంలో విడుదలైన హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్ కారు టైరు కొలత 195/55 ఆర్ 16. ఇందులో 195 అనేది మిల్లీమీటర్లలో టైరు వెడల్పు. 55 అనగా పక్కభాగం ఎత్తు ఆ వెడల్పులో 55 శాతం. ఆర్ అక్షరం రేడియల్ నిర్మాణాన్ని, 16 చక్రం వ్యాసాన్ని అంగుళాలలో సూచిస్తాయి.

కొలత వెంట ముద్రించే 87 వి వంటి గుర్తును పలువురు పట్టించుకోరు. 87 అనగా ఆ టైరు 545 కిలోల బరువు మోయగలదని అర్థం. 82 అయితే 475 కిలోలే. అక్షరం గరిష్ఠ వేగాన్ని తెలుపుతుంది: టి అయితే గంటకు 190, హెచ్ అయితే 210, వి అయితే 240 కిలోమీటర్లు. అంత వేగంతో నడపవచ్చునని దీని భావం కాదు. టైరు ఎంత వేడిని తట్టుకొనగలదో ఈ అక్షరం పరోక్షంగా చెబుతుంది. కనుక కొత్త టైరు భార, వేగ సూచికలు పట్టికలోని వాటికన్నా తక్కువగా ఉండరాదు.

పెద్ద టైరు వేయించినంత మాత్రాన...

కారుకు దర్పం వస్తుందన్న భావనతో కొందరు పెద్ద టైర్లు వేయిస్తున్నారు. దీని ఫలితాన్ని ఒక లెక్కతో గ్రహించవచ్చు. 2018 నాటి మారుతి స్విఫ్ట్ పై శ్రేణి నమూనాలకు అమర్చిన 185/65 ఆర్ 15 టైరు మొత్తం వ్యాసం 621.5 మిల్లీమీటర్లు. దాని బదులు 205/65 ఆర్ 15 వేయిస్తే వ్యాసం 647.5 మిల్లీమీటర్లకు చేరుతుంది. అంటే 4 శాతం పైగా పెరుగుతుంది. అంతకుముందు సరిగా చూపుతున్న స్పీడోమీటరు 100 చూపేసరికి కారు 104 కిలోమీటర్ల వేగంతో పోతూ ఉంటుంది. చక్రం పూర్తిగా తిరిగినప్పుడు టైరు లోపలి అంచులను ఒరుసుకోవచ్చు. బ్రేకుల సామర్థ్యమూ తగ్గుతుంది.

చక్రం పెద్దది చేసి పక్కభాగం తగ్గించే పద్ధతి కూడా ఉన్నది. 195/55 ఆర్ 16 టైరు వ్యాసం 620.9 మిల్లీమీటర్లు. పై స్విఫ్ట్ టైరుతో ఇది దాదాపు సమానం. అయితే పక్కభాగం ఎత్తు 120 నుండి 107 మిల్లీమీటర్లకు తగ్గుతుంది. మలుపులలో స్థిరత్వం పెరిగినా, గుంతలో పడినప్పుడు టైరు పక్కభాగం నలిగి లోపలి దారాలు తెగే అవకాశం, అల్లాయ్ చక్రం వంగే అవకాశం ఎక్కువవుతాయి. తయారీదారు నిర్దేశాలకు భిన్నంగా వాహన స్వరూపాన్ని మార్చడం 52వ సెక్షను ప్రకారం చెల్లదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టం చేసిన విషయం కూడా గమనార్హం.

కొనేముందు చూడవలసినవి

టైరు పక్కభాగంపై కోడి గుడ్డు ఆకారపు గడిలో నాలుగు అంకెలు ఉంటాయి. 2324 అని ఉంటే ఆ టైరు 2024వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. గోదాములో ఏళ్ల తరబడి నిలువ ఉన్న టైరును కొత్తదని తీసుకొనరాదు. వాడకంలో ఉన్న టైరును అయిదేళ్లు దాటాక ఏటా నిపుణులచే పరీక్ష చేయించాలని, పదేళ్లు నిండితే గాడులు మిగిలి ఉన్నా మార్చివేయాలని ప్రముఖ టైర్ల సంస్థలు సూచిస్తున్నాయి. స్టెప్నీకి సైతం ఈ నియమం వర్తిస్తుంది.

భారతీయ ప్రమాణాల సంస్థ ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరిగా ఉండవలెను. తడి రోడ్డుపై పట్టు, దొర్లుడు నిరోధం, శబ్దం విషయాలలో టైర్లు ఏఐఎస్-142 ప్రమాణాన్ని పాటించాలని కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వ శాఖ 2022 జూన్‌లో నోటిఫికేషన్ జారీ చేసింది. స్పోర్టీ కారు యజమానులు పొడి రోడ్డుపై పట్టును గూర్చియే ఆలోచించడం కద్దు. ప్రాణాలు కాపాడేది ఎక్కువగా వానలో వేసిన బ్రేకు. మెత్తని రబ్బరుతో చేసిన టైరు పట్టు బాగున్నా త్వరగా అరుగుతుందన్న సంగతిని కూడా బేరీజు వేసుకొనవలెను.

కార్ల టైర్ల గాడుల లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గరాదని కేంద్ర మోటారు వాహనాల నియమావళి నిర్దేశిస్తున్నది. గాడుల అడుగున ఉండే చిన్న దిమ్మెలు ట్రెడ్‌తో సమానమైతే ఆ హద్దు వచ్చినట్లే. అయితే గాడులు లోతు తగ్గే కొద్దీ నీటిని పక్కకు నెట్టలేవు. టైరు నీటిపై తేలి జారుతుంది. కనుక 3 మిల్లీమీటర్ల వద్దనే, తొలకరికి ముందే, మార్చుకొనడం ఉత్తమం.

అమరికలో మెలకువలు

నాలుగు టైర్లూ ఒకేసారి మార్చడం ఉత్తమం. రెండే మార్చగలిగితే కొత్తవి వెనుక ఇరుసుకే అమర్చవలెను. ముందు చక్రాలతో నడిచే కార్లలో ముందు టైర్లే త్వరగా అరుగుతాయి గనుక కొత్తవి అక్కడే వేయడం మన దుకాణాలలో పరిపాటి. కానీ తడి రోడ్డుపై ముందు టైర్లు జారితే యాక్సిలరేటరు వదిలి కారును తిరిగి అదుపులోకి తెచ్చుకొనే వీలుంటుంది. వెనుక టైర్లు జారితే కారు గిర్రున తిరుగుతుంది. సామాన్య చోదకుడు దానిని నిలుపలేడు.

పక్కభాగంపై బాణం గుర్తు ఉంటే చక్రం ఆ దిశలో తిరిగేలా, అవుట్‌సైడ్ అని ఉంటే ఆ వైపు బయటకు వచ్చేలా బిగించవలెను. టైరుతోపాటు వాల్వును మార్పించి, వీల్ బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ చేయించవలెను. నట్లను ఎదురెదురుగా బిగిస్తూ పోయి, చివరగా టార్క్ రెంచితో తయారీదారు చెప్పిన మేరకు బిగించవలెను. కొద్దిపాటి ప్రయాణం తర్వాత మరొకమారు సరిచూడడం మంచిది. కొత్త టైరుపై అచ్చు నుండి అంటిన జిడ్డు పొర ఉంటుంది. తొలి 200 కిలోమీటర్లు నెమ్మదిగా నడపవలెను.

పంక్చరు ట్రెడ్ భాగంలో, 6 మిల్లీమీటర్లకు మించని రంధ్రమైతేనే మరమ్మతుకు తగినది. పక్కభాగం తెగినా, ఉబ్బినా టైరును మార్చడం తప్ప మార్గం లేదు.

వేసవిలో గాలి తగ్గించవచ్చునా?

రెంటచింతల, రామగుండం వంటి చోట్ల ఎండలు ముదిరినపుడు టైరు పేలకుండా గాలి తగ్గించి నింపించే అలవాటు ఉన్నది. ఇది ప్రమాదకరం. గాలి తక్కువైతే పక్కభాగం ప్రతి చుట్టుకూ ఎక్కువగా వంగి, లోపల వేడి పుట్టి, రబ్బరు పొరలు విడిపోతాయి. పేలుడుకు అసలు కారణం చాలావరకు ఇదే. కారు మూడు గంటలు నిలిచిన తర్వాత, టైరు చల్లగా ఉన్నప్పుడు, పట్టికలో చెప్పినంత గాలి నింపవలెను. ప్రయాణం మధ్యలో వేడెక్కి ఒత్తిడి పెరిగిన టైరు నుండి గాలి తీయరాదు. నైట్రోజన్ నింపించినా గాలి పరీక్ష తప్పదు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉన్నది.

అధికారులకు, పాత్రికేయులకు

ప్రభుత్వ కార్యాలయాలు వాహనాలకు టైర్లు కొనే సందర్భంలో ధరతోపాటు కొలత, భార వేగ సూచికలు, తయారీ వారాన్ని ఇండెంటులో పేర్కొనడం, సరుకు అందినపుడు సరిచూడడం అవసరం. ప్రమాద స్థలంలో నాలుగు టైర్ల తయారీ తేదీ, గాడుల లోతు, పట్టికతో సరిపోలిన కొలత, దెబ్బ తినని టైర్లలోని గాలి ఒత్తిడి నమోదు చేస్తే కారణం తెలుస్తుంది. టైరు పేలిందని వ్రాసే వార్తలో అది ఎందుకు పేలిందో ఒక్క వాక్యం చేరినా, మరొక కుటుంబం ప్రయాణానికి ముందు తమ కారు టైర్లను ఒక్కసారి వంగి చూసుకొనే అవకాశం ఉంటుంది.