పెద్ద బరికి ముందు చిన్న బరి

2023 సెప్టెంబరు 8. హైదరాబాదు గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో అమెరికా రెజ్లింగ్ సంస్థ డబ్ల్యూడబ్ల్యూఈ రింగు వేసింది. జాన్ సీనా వచ్చాడన్న సంబరంలో మిగతా పోటీలు చాలామందికి గుర్తులేవు. వాటిలో ఒకటి మాత్రం మన అనంతపురం పిల్లలకు విడమరిచి చెప్పాల్సింది. ఆస్ట్రియా యోధుడు గుంథర్ మీదికి హర్యానా కుర్రాడు శాంకీని దింపారు. మనిషి ఏడడుగుల ఎత్తు. పైగా సొంత దేశం, సొంత జనం. గెలిచింది గుంథర్. ఎవరు గెలవాలో ముందే అనుకుని ఆడే ఆటే ఇది, దాన్ని దాచేదేమీ లేదు. కానీ ఆ తర్వాత రెండు వారాలు తిరక్కుండానే సంస్థ శాంకీని వదులుకుంది. గుంథర్ చేతిలో ఉన్న ఇంటర్‌కాంటినెంటల్ బెల్టు మొత్తం 666 రోజులు అతని దగ్గరే నిలిచింది.

తేడా కండలో లేదు. గుంథర్ ఏళ్ల తరబడి యూరపులో చిన్న చిన్న హాళ్లలో ఆడాడు. డబ్ల్యూడబ్ల్యూఈలో చేరాక కూడా సంస్థ బ్రిటన్‌లో నడిపిన శిక్షణ బ్రాండు ఎన్‌ఎక్స్‌టీ యూకేలో 870 రోజులు ఛాంపియన్‌గా ఉన్నాడు. ఆ పైన అమెరికాలో ఎన్‌ఎక్స్‌టీలో కొంతకాలం ఆడి, 2022లో గానీ ప్రధాన జట్టులోకి రాలేదు. శాంకీ జలంధర్‌లో యోధుడు గ్రేట్ ఖలీ నడిపే రెజ్లింగ్ బడి నుంచి వచ్చాడు. చిన్న బరిలో పెద్దగా నలగకుండానే 2021లో పెద్ద బరి ఎక్కాడు. తప్పు అతనిది కాదు. ఎత్తు చూసి తొందరపడిన వాళ్లది.

మన బండలాగుడు పందేల్లో పాలపళ్ల గిత్తల్ని సీనియర్ల బండకు ఎవరైనా కడతారా? పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అంటూ విభాగం మారినకొద్దీ బండ బరువు పెరుగుతుంది. ఒక్క మెట్టు దాటేసినా గిత్త మెడ చెడుతుందని రాయలసీమ రైతుకు తెలుసు. రెజ్లింగ్ వ్యాపారం ఈ సంగతి దెబ్బలు తిని నేర్చుకుంది.

మొదట్లో అమెరికాలో కుర్రాళ్లు ఊరూరా తిరిగే చిన్న కంపెనీల్లో చేరి, రాత్రికో ఊళ్లో ఆడి రాటుదేలేవారు. ఆ కంపెనీలు ఒక్కొక్కటే మూతపడ్డాక కొత్తవాళ్లు తయారయ్యే చోటు లేకుండా పోయింది. దాంతో డబ్ల్యూడబ్ల్యూఈ కెంటకీ రాష్ట్రంలోని లూయివిల్‌లో ఓహియో వ్యాలీ రెజ్లింగ్ అనే స్థానిక కంపెనీతో ఒప్పందం చేసుకుంది. సీనా, బ్రాక్ లెస్నర్, బటిస్టా, రాండీ ఆర్టన్ అక్కడే, దాదాపు ఒకే కాలంలో తయారయ్యారు. చిన్నప్పుడు మనం బడి సంచీలో దాచుకున్న రెజ్లింగ్ కార్డుల మీది ముఖాల్లో సగం ఆ చిన్న హాల్లోంచి వచ్చినవే. ఆ తర్వాత శిక్షణ ఫ్లోరిడాకు మారింది. 2012లో ఎన్‌ఎక్స్‌టీ శిక్షణ బ్రాండుగా నిలబడింది. 2013 జులైలో ఒర్లాండోలో పెర్ఫార్మెన్స్ సెంటర్ తెరిచారు. 26,000 చదరపు అడుగుల చోటు, ఏడు రింగులు.

అక్కడ మొదటి పాఠం పడటం. గడ్డం ఛాతీకి ఆనించి, వీపు వెడల్పంతా ఒకేసారి నేలకు తాకేలా పడాలి. దెబ్బ ఒక్కచోట కాక ఒళ్లంతా పంచుకుంటుంది. తల వెనక్కి వాలితే ప్రాణానికే ముప్పు. తాళ్ల మీదికి ఎన్ని అడుగుల్లో పరిగెత్తాలో, ఏ భుజం ఆనించి వెనక్కి రావాలో ఆలోచించే పనిలేనంతగా ఒంటికి పట్టాలి. ఎదుటివాణ్ని ఎత్తి పడేసేటప్పుడు అతని మెడ బాధ్యత ఎత్తినవాడిదే. చూసేవాళ్లకు పగ కనబడాలి, లోపల మాత్రం నమ్మకం ఉండాలి. ఈ కళలో నన్ను కదిలించేది ఇదే.

రెండో పాఠం మాట. ప్లంబర్ కొడుకునని గర్వంగా చెప్పుకున్న డస్టీ రోడ్స్ 2015లో చనిపోయేదాకా ఎన్‌ఎక్స్‌టీ పిల్లలకు మైకు పట్టడం నేర్పాడు. ఆయన శరీరం శిల్పంలా ఉండేది కాదు. ఆయన మాట వింటే మాత్రం కార్మికుడి ఇంటి కష్టం కళ్లకు కట్టేది. నీ ఊరు, నీ ఆకలి, నీ కోపం నీ గొంతులోంచి రాకపోతే ఎంత కండ ఉన్నా జనం సీటు అంచుకు రారు.

మూడోది అన్నిటికన్నా కష్టమైనది, జనం ముందు తప్పులు చేయడం. ఎన్‌ఎక్స్‌టీ పాత ప్రదర్శనలు ఫుల్ సెయిల్ యూనివర్సిటీలో కొన్ని వందలమంది ముందు జరిగేవి. ఫ్లోరిడా చిన్న ఊళ్ల హాళ్లలో ఇంకా తక్కువమంది. పాత్ర పండకపోతే అక్కడ మార్చుకోవచ్చు. ఇరవై వేలమంది ముందు, టీవీలో, ఆ వీలు ఎక్కడిది?

గచ్చిబౌలిలో శాంకీ ఓడిన ఆ రాత్రే డ్రూ మెకింటైర్, భారత మూలాలున్న జిందర్ మహల్ అనే యోధులు తలపడ్డారు. ఒకప్పుడు ఇద్దరూ ఒకే జట్టులో నవ్వులపాలయ్యే పాత్రలు వేశారు. 2014 జూన్‌లో ఇద్దర్నీ ఒకే రోజు తీసేశారు. జిందర్ 2016లో నేరుగా ప్రధాన జట్టుకే తిరిగొచ్చి, మరుసటి మే నెలలో ఆర్టన్‌ను ఓడించి ఛాంపియన్ అయ్యాడు. భారత మార్కెట్ కోసమే కట్టబెట్టారన్న మాట అప్పుడే వినిపించింది. ఆ బెల్టు ఆరు నెలల్లో పోయింది, మళ్లీ రాలేదు. డ్రూ బయట చిన్న కంపెనీల్లో ఆడి, 2017లో ఎన్‌ఎక్స్‌టీలో చేరాడు. ఒకసారి పెద్ద బరి చూసినవాడు చిన్న బరికి దిగడం చిన్నతనమనుకోలేదు. 2020లో సంస్థ పెద్ద పండగ రెజిల్‌మేనియాలో లెస్నర్‌ను దాటి పెద్ద బెల్టు అందుకున్నాడు. 2024 ఏప్రిల్‌లో జిందర్‌ను, వీర్, సంగా అనే మరో ఇద్దరు యోధుల్ని సంస్థ ఒకే రోజు పంపేసింది. ముగ్గురూ మన దేశపు రక్తమే. నాకది బాధ.

మన తెలుగువాళ్లకు బలాన్ని ప్రదర్శనగా మలచడం కొత్త కాదు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి, సర్కస్ పెట్టి, కండబలంతో ఊళ్లకు ఊళ్లను కట్టిపడేశాడు. ఆయన తర్వాత ఆ దారి పూడిపోయింది.

అనంతపురంలో మొదటి మెట్టు ఉంది. వాన సరిగా పడని ఈ గడ్డ మీద విన్సెంట్ ఫెర్రర్ 1969లో మొదలుపెట్టిన సేవాసంస్థ ఆర్డీటీ పెంచిన స్పోర్ట్స్ విలేజ్‌లో క్రికెట్, ఫుట్‌బాల్, హాకీ, టెన్నిస్‌తో పాటు జూడో కూడా నేర్పుతారు. జూడోలోనూ తొలి పాఠం పడటమే! వేరుశనగ చేను ఎండితే బెంగళూరు బస్సెక్కే ఇళ్ల పిల్లలు అక్కడ గడ్డం ఛాతీకి ఆనించడం నేర్చుకుంటున్నారు. ఆ మైదానాల్లో ఆడిన బారెడ్డి అనూష 2023లో భారత క్రికెట్ జట్టుకు ఆడింది. ఇక్కడి మట్టికి ఏం తక్కువ?

లేనిది నడిమి మెట్టు. 2019లో ముంబైలో డబ్ల్యూడబ్ల్యూఈ ఎంపికలు పెట్టింది. అలాంటి చోటికి అనంతపురం అమ్మాయి వెళ్తే చూపించడానికి పతకం ఉంటుందేమో గానీ, జనాన్ని ఊపిన ఒక్క సాయంత్రం ఉండదు. ఆ మెట్టుకు కావాల్సింది ఒక రింగు, మెడలు కాపాడటం తెలిసిన ఇద్దరు శిక్షకులు, ఒక డాక్టరు, ఒక మైకు, నెలకు రెండు శనివారాలు. ధర్మవరం, గుంతకల్లు, తాడిపత్రి, కదిరిలో కల్యాణ మండపాలు ఉన్నాయి. పెళ్లిళ్లు లేని నెలల్లో అవి ఖాళీ. మాటలు సీమ యాసలోనే ఉండాలి, టిక్కెట్టు సినిమా కన్నా తక్కువ ఉండాలి. నన్నడిగితే మొదటి ప్రదర్శన కదిరిలో పెట్టమంటాను. నరసింహస్వామి తేరుకు లక్షల్లో జనం కూడే ఊరది. నచ్చితే ఈలలు వేస్తారు, నచ్చకపోతే లేచిపోతారు.