మోర్స్ కోడ్ చార్ట్ చూసి నేర్చుకోకండి: హామ్ రేడియో కోసం నేను చేసిన తప్పు, పనికొచ్చిన పద్ధతి

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. అప్పుడు నేను బీటెక్ చదువుతున్నా. ఎచ్చెర్లలో మా ఇంట్లో ఫోన్ ఉంది, పవర్ బ్యాంక్ ఉంది, సిగ్నల్ కూడా వచ్చి పోతూ ఉంది. కానీ కవిటి వైపు ఉన్న అమ్మమ్మ ఊరికి మాత్రం కాల్ కలవలేదు. మూడు రోజులు అమ్మ అదే నంబర్ డయల్ చేస్తూనే ఉంది. నాలుగో రోజు మావయ్య బండి మీద సిగ్నల్ ఉన్న చోటికి వచ్చి ఫోన్ చేశాడు. "కొబ్బరి తోట మొత్తం పోయింది. అమ్మ బాగానే ఉంది" అన్నాడు.

టవర్‌కి కరెంటు లేకపోతే ఎంత ఖరీదైన ఫోన్ అయినా టార్చిలైటుగానే పనికొస్తుందని ఆ రోజు అర్థమైంది. మధ్యలో టవర్ అక్కర్లేని రేడియో గురించి వెతకడం అప్పుడే మొదలుపెట్టాను. ఆ వెతుకులాట హామ్ రేడియో దాకా, అక్కడి నుంచి మోర్స్ కోడ్ దాకా తీసుకెళ్ళింది.

ఇప్పుడు మోర్స్ ఎందుకు?

మన దేశంలో టెలిగ్రామ్ సర్వీస్ 2013 జులైలో ఆగిపోయింది. హామ్ బ్యాండ్లలో మాత్రం మోర్స్ ఇంకా బతికే ఉంది. దాన్ని అక్కడ సీడబ్ల్యూ అంటారు. కారణం సింపుల్. హామ్ రేడియోలో మాట పంపడానికి సుమారు 2400 హెర్ట్జ్ వెడల్పు కావాలి. మోర్స్‌కి 150 హెర్ట్జ్ చాలు. ఫిల్టర్ అంత సన్నగా పెట్టుకుంటే లోపలికి వచ్చే నాయిస్ పదహారో వంతుకి పడిపోతుంది, అంటే 12 డెసిబెల్స్ లాభం. అందుకే మాట వినిపించని చోట కూడా చిన్న బ్యాటరీతో నడిచే ట్రాన్స్‌మిటర్ మోర్స్ వినిపిస్తుంది.

నేను చేసిన తప్పు

ఇంజినీర్ బుర్ర కదా, చార్ట్ డౌన్‌లోడ్ చేసుకుని రెండు రోజుల్లో బట్టీ కొట్టేశాను. తర్వాత నెల రోజులు నిమిషానికి 5 పదాల దగ్గర ఇరుక్కుపోయాను.

ఎందుకంటే నా తలలో జరుగుతున్నది ఇది: శబ్దం వినడం, చుక్కలు గీతలు లెక్కపెట్టడం, చార్ట్ గుర్తు చేసుకోవడం, అక్షరం రాయడం. మన పరీక్షకి కావలసిన వేగం నిమిషానికి 8 పదాలు. పదానికి 5 అక్షరాల లెక్కన నిమిషానికి 40, అంటే అక్షరానికి ఒకటిన్నర సెకను. ఒక అక్షరం వెతుక్కునేలోపు తర్వాతది వెళ్ళిపోతుంది. దాన్ని పట్టుకోబోతే ఇంకో రెండు పోతాయి.

టెన్త్ క్లాస్ ఛందస్సు గుర్తుందా?

మోర్స్‌లో చుక్క ఒక యూనిట్, గీత మూడు యూనిట్లు. అక్షరం లోపల చుక్కకీ గీతకీ మధ్య ఒక యూనిట్ ఖాళీ, అక్షరాల మధ్య మూడు, పదాల మధ్య ఏడు. మన ఛందస్సులో లఘువు ఒక మాత్ర, గురువు రెండు మాత్రలు. కొలత వేరే అయినా పద్ధతి ఒకటే, పొట్టి పొడుగుల వరస.

తెలుగు మాస్టారు నేర్పిన మూడక్షరాల గణాలు ఎనిమిది. మోర్స్‌లో మూడు గుర్తులతో వచ్చే ఇంగ్లీష్ అక్షరాలూ సరిగ్గా ఎనిమిదే! న గణం ఎస్, మ గణం ఓ, ర గణం కె, జ గణం ఆర్, స గణం యు, భ గణం డి, త గణం జి, య గణం డబ్ల్యూ. ఎస్ఓఎస్ అంటే న గణం, మ గణం, న గణం, మధ్యలో ఆగకుండా.

ఇది చదివి ఇంకో చార్ట్ తయారు చేసుకోకండి. నేను చెప్పేది వేరే. తాతయ్య పద్యం పాడితే ఆయన గణాలు లెక్కపెట్టడు. ఎక్కడైనా నడక తప్పితే మాత్రం చెవికి వెంటనే తెలిసిపోతుంది. మోర్స్ కూడా అలాగే పట్టుబడాలి. కె అంటే గీత-చుక్క-గీత అని కాకుండా "డా-డి-డా" అనే ఒక్క శబ్దంగా వినిపించాలి.

పనికొచ్చిన పద్ధతి

1930ల్లో జర్మన్ సైకాలజిస్ట్ లుడ్విగ్ కోఖ్ ప్రతిపాదించిన పద్ధతి ఇది. మొదటి రోజు రెండే అక్షరాలు, కానీ పూర్తి స్పీడ్‌లో. 90 శాతం కరెక్ట్ అయ్యాక మూడోది కలపాలి. ఎల్‌సీడబ్ల్యూఓ అనే ఉచిత వెబ్‌సైట్ దీన్నే వాడుతుంది. అక్కడ కె, ఎం లతో మొదలై యు, ఆర్, ఇ, ఎస్ అలా సాగుతుంది.

దీనికి ఫార్న్స్‌వర్త్ సెట్టింగ్ కలిపాను. అక్షరం 20 పదాల వేగంతోనే వస్తుంది, అక్షరాల మధ్య ఖాళీ మాత్రం ఎక్కువ పెడతాం. ఒక చుక్క ఎన్ని మిల్లీసెకన్లో తెలియాలంటే 1200ని వేగంతో భాగించండి. 8 పదాల దగ్గర చుక్క 150 మిల్లీసెకన్లు, 20 దగ్గర 60. అరవైలో లెక్కపెట్టడం కుదరదు కాబట్టి చెవి తనంతట తానే నేర్చుకుంటుంది. పాత చార్ట్ మర్చిపోవడానికి నాకు రెండు వారాలు పట్టింది.

రోజుకి రెండుసార్లు, పావుగంట చొప్పున చేశాను. గంట కూర్చుంటే బుర్ర వేడెక్కడం తప్ప లాభం లేదు. చిలకపాలెం జంక్షన్‌లో బస్సు కోసం నిలబడి షాపుల బోర్డులు, లారీ నంబర్లు నోటితో డిట్ డా అనుకోవడం మంచి ప్రాక్టీస్. పక్కవాళ్ళు చూస్తారు, పర్లేదు.

గ్యాడ్జెట్లు, యాప్‌లు

జీబోర్డ్‌లో మోర్స్ కీబోర్డ్ ఉంది, గూగుల్ 2018లో తెచ్చింది. అది పంపడానికి సరదాగా ఉంటుంది కానీ వినడం నేర్పదు. బ్లూటూత్ ఇయర్‌బడ్స్ వినడానికి ఓకే. పంపే ప్రాక్టీస్‌కి మాత్రం వద్దు, శబ్దం ఆలస్యంగా రావడం వల్ల చేతి లయ చెడిపోతుంది. వైర్ ఇయర్‌ఫోన్ వాడండి.

నిజం బ్యాండ్ ఎలా ఉంటుందో వినాలంటే నెదర్లాండ్స్‌లోని ట్వెంటే యూనివర్సిటీ వెబ్ఎస్‌డీఆర్ బ్రౌజర్‌లో ఓపెన్ చేయండి. ఖర్చు సున్నా. లైసెన్స్ వచ్చాక కొనే సెట్లలో మనవాళ్ళకి గర్వంగా చెప్పుకునేది మైక్రోబిట్ఎక్స్. హైదరాబాద్‌కి చెందిన అష్హర్ ఫర్హాన్ డిజైన్. 3 నుంచి 30 మెగాహెర్ట్జ్ దాకా, 10 వాట్ల దగ్గర పవర్, లోపల ఆర్డుయినో నానో, సర్క్యూట్, కోడ్ అంతా ఓపెన్.

యాప్ డీకోడ్ చేస్తుంది కదా, మనకెందుకు?

నేనూ ఇదే అడిగాను. జవాబు 14.100 మెగాహెర్ట్జ్ దగ్గర దొరికింది. అక్కడ ప్రపంచం నలుమూలల ఉన్న 18 బీకన్లు వంతులవారీగా తలా 10 సెకన్లు మోగుతాయి. ఒక్కోటి తన కాల్‌సైన్ 22 పదాల వేగంతో పంపి, తర్వాత నాలుగు పొడుగు గీతలు పంపుతుంది. మొదటిది 100 వాట్లు, తర్వాత 10, 1, చివరిది 0.1 వాట్.

మనకి దగ్గరది శ్రీలంకలోని 4ఎస్7బీ. ఎచ్చెర్లకి 1300 కిలోమీటర్ల పైమాటే. కొబ్బరి చెట్టుకీ డాబాకీ మధ్య 10 మీటర్ల డైపోల్ వైరు కట్టి, ఒక సాయంత్రం విన్నాను. ఫోన్ యాప్ మొదట కాల్‌సైన్ బాగానే చూపించింది. సిగ్నల్ సన్నబడ్డాక ఇష్టమొచ్చిన అక్షరాలు పోసింది. నా చెవి మాత్రం ఆ గరగరలోంచే కాల్‌సైన్ పట్టుకుంది, మూడో గీత కూడా లీలగా వినిపించింది. ఒక్క వాట్! మా ఇంట్లో నైట్ బల్బంత కూడా లేదు. బలమైన సిగ్నల్‌కి యాప్ చాలు. బలహీనమైన దానికి, ఫేడింగ్ ఉన్నదానికి నేర్చిన చెవి కావాలి.

లైసెన్స్ సంగతి

లైసెన్స్ లేకుండా ట్రాన్స్‌మిట్ చేయడం నేరం. కనీస వయసు 12. పరీక్ష కేంద్ర టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం నిర్వహిస్తుంది. రిస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కి మోర్స్ అక్కర్లేదు, కాబట్టి మొదట అది రాసేయండి. నేనూ అదే చేశాను. జనరల్ గ్రేడ్‌కి 8 పదాల వేగంతో తీసుకోవడం, పంపడం రెండూ రావాలి. హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో 1983 నుంచి ఈ రంగంలో ఉంది.

ఒక నిజం

తిత్లీ రోజుల్లో నాకు మోర్స్ వచ్చి ఉన్నా అమ్మమ్మ కబురు తెలిసేది కాదు. ఆ ఊళ్ళో అవతలి రేడియో దగ్గర కూర్చునే మనిషి లేడు. 2004 డిసెంబర్ సునామీ నాడు అండమాన్ కబుర్లు బయటికి వచ్చాయంటే, భారతి ప్రసాద్ అనే హామ్ అప్పటికే పోర్ట్ బ్లెయిర్‌లో సెట్, యాంటెన్నా పెట్టుకుని ఉండటం వల్ల. తుఫాను వచ్చాక కొనుక్కుంటే పనికొచ్చే గ్యాడ్జెట్ కాదిది.

ఇప్పుడు నేను 7 పదాల దగ్గర ఉన్నా, జనరల్ పరీక్షకి ఇంకొక్కటే మిగిలింది. కవిటిలో మావయ్య కొడుకు ఇంటర్ చదువుతున్నాడు. వాడికి పోయిన వారం కె, ఎం నేర్పాను, ఫోన్‌లోనే, నోటితో. నిన్న రాత్రి వాడే వాయిస్ మెసేజ్ పంపాడు: "డా-డి-డా. బావా, తర్వాత అక్షరం ఏంటి?"