పరదేశపు వాద్యము, మన పాట

"ఆడపిల్లకు గిటారేల? వీణయో వయొలినో చెప్పింపరాదా?" అను మాట విశాఖపట్టణమున పెద్దల నోట నేటికిని వినబడుచునే యున్నది. మేమును ఒకప్పు డట్లే తలచినవారమే. కాని యీ మాట అనుటకు ముందు, పాలకొల్లున పుట్టిన యొక బాలుని కథ సోదరీమణులు కొంచెము వినవలెనని మా కోరిక.

ముందు వయొలిను సంగతి చూతము. అది ఐరోపా వాద్యము. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు దానిని నేర్చి మన సంగీతమునకు తెచ్చిరని చెప్పుదురు. మనకు చేరువనున్న విజయనగరమున ద్వారం వెంకటస్వామినాయుడుగారు, పక్కవాద్యమై యొదిగియున్న దానిని ప్రధాన వాద్యముగా నిలిపి కచేరీలు చేసిరి. నేడు దానిని పరాయిదనువా రెవరు?

మాండొలిన్ కూడ అట్టిదే. గిటారువలె మెట్లు గలిగి, మీటి వాయింపబడు చిన్న వాద్యము. ఉప్పలపు శ్రీనివాస్ 1969 ఫిబ్రవరి 28వ తేదీన జన్మించెను. తండ్రి సత్యనారాయణగారు క్లారినెట్, మాండొలిన్ వాయించువారు. ఆరేండ్ల కుమారుడు తన మాండొలిన్ చేతబట్టగా తండ్రి కాదనలేదు. వాని యభిరుచి కనిపెట్టి క్రొత్త వాద్యము కొనియిచ్చి తానే పాఠము మొదలుపెట్టెను. పిమ్మట చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులైన రుద్రరాజు సుబ్బరాజుగారు గురువైరి. ఆయనకు మాండొలిన్ వాయించుట రాదు. ఆయన పాడును, బాలు డా పాటను తంత్రులపై పలికించును. ఈ కథయందలి కీలకమంతయు నిచ్చటనే యున్నది. వాద్యము పరదేశపుదైనను పాఠము కంఠమునుండి వచ్చెను.

ఐనను చిక్కు లేకపోలేదు. మాండొలిన్‌నకు ఎనిమిది తీగలు జంటలుగా నుండును. మీటిన నాదము వెంటనే అణగిపోవును. మన రాగమునకు ప్రాణమైన గమకము అందు పలుకుట కష్టము. శ్రీనివాస్ జంటతీగలను మాని అయిదు ఒంటితీగలు కట్టి, విద్యుత్తుతో నాదమునకు నిలకడ తెచ్చెను. అప్పు డది వీణవలె సాగినది. ఇది శాస్త్రీయమగునా యని శంకించిన పెద్దలును లేకపోలేదు. గుడివాడలో 1978లో త్యాగరాజారాధనమునాడు తొలి కచేరీ, 1981లో మద్రాసున కచేరీ జరిగిన పిమ్మట ఆ శంక క్రమముగా సన్నగిల్లెను.

1983లో పదునాలుగేండ్ల ప్రాయమున ఆ బాలుడు బెర్లిన్ జాజ్ ఉత్సవమున వాయించెను. జాజ్ అనునది అమెరికాలోని నల్లజాతివారు పెంచిన సంగీతము. పల్లవిని పట్టుకొని అప్పటికప్పుడు కల్పించుచు పోవుట దాని జీవము. మన మనోధర్మమును, కల్పనస్వరములను ఎరిగినవారి కది మిక్కిలి దూరమైనది కాదు. కాబట్టియే అచ్చటి శ్రోతలు భాష తెలియకయు మన రాగమును ఆదరించిరి.

1995లో ఇంగ్లండునందలి రియల్ వరల్డ్ సంస్థ ద్వారా 'డ్రీమ్' అను ఆల్బము వెలువడెను. అందు శ్రీనివాస్‌తో కూడినవాడు కెనడా దేశపు ప్రయోగశీలియైన గిటారు విద్వాంసుడు మైకేల్ బ్రూక్. మీటిన స్వరము ఆగక నిలిచియుండు గిటారును కల్పించినవా డీతడే. నాదము నిలువవలెనని యిద్దరును వేర్వేరు దేశములలో పడిన తపన ఒక్కటే యని మాకు తోచును. తరువాత జాన్ మెక్‌లాఫ్లిన్, జాకీర్ హుస్సేన్‌లతో 'రిమెంబర్ శక్తి' బృందమునను శ్రీనివాస్ వాయించెను. 1998లో పద్మశ్రీ లభించెను. 2014 సెప్టెంబరు 19వ తేదీన, నలుబదియైదేండ్లకే, చెన్నపట్టణమున కన్నుమూసెను.

ఆ వాద్యము ఆయనతో పోలేదు. మాండొలిన్ సోదరీమణులని పేరుగాంచిన శ్రీఉష, శిరీషలు దానిని చేబూని కచేరీలు చేసిరి. ఆడపిల్లల చేతికి అది తగదన్న మాట కిదియే సమాధానము.

మన విశాఖ రేవు 1933లో తెరువబడినది. ఓడలు తెచ్చు సరకు మన కక్కరకు వచ్చునా లేదా యని చూతుముగాని, అది యే దేశపుదని వెనుకకు పంపము. పిల్ల గిటారు కోరిన నట్లే చూడుడు. కాదని దుఃఖపెట్టకుడు, కొనియిచ్చి యూరకుండవద్దు. శ్రుతియందు నిలిచి పాడుట ముందు నేర్పుడు. పాట కుదిరిన కంఠము వెంట చేతిలోని వాద్యము తానే నడచివచ్చును.