ఆజ్ఞకు తోడు వచ్చు మాటలు

కంప్యూటరునకు ఆజ్ఞ ఇచ్చునపుడు ప్రోగ్రాము పేరు టైపు చేసి, దాని ప్రక్కనే మరికొన్ని మాటలు చేర్చుట కలదు. "వాన 2019 నెల్లూరు" అని కొట్టితి మనుకొనుడు. వాన యనునది ప్రోగ్రాము పేరు. తక్కిన రెండును దానికిచ్చిన సూచనలు. వీనినే ఆర్గ్యుమెంట్లందురు. ఒకే ప్రోగ్రామును రెండు భాషలలో వ్రాసినపుడు ఈ సూచనల విషయముననే చిక్కు పుట్టును.

సి భాష 1970 తరువాతి యేండ్లలో యూనిక్స్‌తో కలిసి పెరిగినది. కావున దాని ప్రధాన భాగమగు 'మెయిన్' మొదలగునపుడే సూచనల సంఖ్యయు పట్టికయు చేతికందును. ఫోర్ట్రాన్ సంగతి వేరు. అది వెలువడిన 1957లో లెక్కలను చిల్లులు పొడిచిన కార్డులపై అందించెడివారు. తరువాత ఒక్కొక్క కంపైలరు తనకు తోచిన ఉపాయము కల్పించుకొనెను. ఫోర్ట్రాన్ 2003 ప్రమాణము వచ్చువరకు అందరికి నొక్కటే పద్ధతి యేర్పడలేదు!

ఇప్పుడు సిలో మెయిన్ వ్రాసి, పాత ఫోర్ట్రాన్ గణితమును దానికి జతచేసితి మనుకొనుడు. వీధి యరుగుపై కుర్రవాడు ఉత్తరము పుచ్చుకొని జేబులో పెట్టుకొనెను. లోపలి గదిలోని పెద్దాయనకు అది యెట్లు తెలియును? జిఫోర్ట్రాన్ కంపైలరుతో నిట్లే యగును. మెయిన్ ఫోర్ట్రాన్‌లో నున్నచో సూచనలను భద్రపరచు పని కంపైలరే చూచుకొనును. సిలో నున్నచో ఆ పనిని మనమే పిలిచి చేయింపవలెను. మరచితిమా, ఫోర్ట్రాన్ భాగమునకు 2019 తెలియదు, నెల్లూరు తెలియదు. సూచన లేనిచో ఏదో యొక సంవత్సరము తీసికొనుమని లోపల వ్రాసియున్న యెడల, అది కిమ్మనక వేరొక యేటి వానను లెక్కగట్టి యిచ్చును. ఆగిపోయిన ప్రోగ్రాము కంటె ఇది యెక్కువ ప్రమాదము.

ఆపరేటింగ్ సిస్టముల ఆచారములును వేరు. లినక్స్‌లో షెల్లు మాటలను ముందే విడదీసి పంపును. విండోసులో ఒకే పొడుగు పంక్తి యందును. విడదీయుట ప్రోగ్రాము తరఫు లైబ్రరీ పని. ఊరి పేరు నడుమ ఖాళీ యున్నచో కొటేషన్ గుర్తులు మరువరాదు. లెక్కయు తేడాయే: పై యాజ్ఞలో సి ప్రోగ్రాము పేరును గూడ కలిపి మూడనును, ఫోర్ట్రాన్ రెండే యనును. సిలో మాట చివర సున్న విలువ గల గుర్తుండును. ఫోర్ట్రాన్ మిగిలిన చోటును ఖాళీలతో నింపును.

కావున సూచనలను మెయిన్‌లోనే పుచ్చుకొని, సంవత్సరమును అంకెగా మార్చి, ఊరి పేరును దాని పొడవుతో సహా ఫోర్ట్రాన్‌కు మామూలు విలువలుగా అందించుట మేలని నా యభిప్రాయము. అపుడు లోపలి గణితమునకు లినక్స్ అయినను విండోసైనను ఒక్కటే.