మల్లెను నిద్రపోనివ్వండి... కనకాంబరానికి చీర కప్పండి!

డిసెంబరు వచ్చిందంటే చాలు, వార్తల్లో కోహీర్ పేరు మారుమోగుతుంది. తెలంగాణలో చలికి వణికే ఊళ్ల జాబితాలో జహీరాబాద్ పక్కనున్న ఈ ఊరిది తరచూ ముందు వరసే. సత్వార్, అల్గోల్, న్యాల్‌కల్ కూడా తక్కువేం తినలేదు. కొన్నేళ్లు ఉష్ణోగ్రత 5 డిగ్రీల దరిదాపుల్లోకి జారిపోతుంది. మనుషులంటే స్వెట్టర్లు వేసుకుంటారు. మరి పెరట్లోని కనకాంబరం మాటేమిటి?

ఒకప్పుడు మెదక్ జిల్లాలో, 2016 నుంచి సంగారెడ్డి జిల్లాలో ఉన్న జహీరాబాద్ సముద్రమట్టానికి 600 మీటర్లకు పైగా ఎత్తున ఉంటుంది. చలికాలపు రాత్రుల్లో మబ్బుండదు, గాలిలో తేమ తక్కువ. పగలంతా నేల కూడబెట్టుకున్న వేడి నేరుగా ఆకాశంలోకి పోతుంది. గాలి కదలకపోతే చల్లదనం పల్లంలో తిష్ఠ వేస్తుంది. అందుకే ఒకే పెరట్లో గోడవారన ఉన్న మొక్క నవ్వుతూ ఉంటే, పల్లపు మూలలోది తెల్లారేసరికి తల వేలాడేస్తుంది.

మంచు గడ్డకట్టనక్కర్లేదు. 10 డిగ్రీల కిందికి దిగితే చాలు, కనకాంబరం, ఆంథూరియం లాంటివి డీలాపడతాయి. మందారం ఆకులు పసుపెక్కి రాలతాయి. ఇలాంటివాటికి పాత నూలు చీర చక్కని దుప్పటి. అయితే మొక్క చుట్టూ మూటలా కట్టేస్తే లాభం లేదు. వెచ్చదనం వచ్చేది నేలలోంచి కదా! నాలుగు కర్రలు పాతి, పైనుంచి చీర కప్పి, అంచులు నేలను తాకేలా వదలాలి. ప్లాస్టిక్ కవరైతే ఆకులకు తగలకూడదు. పొద్దెక్కగానే తీసేయాలి, లేకుంటే నేలకు మళ్లీ ఎండ తగిలేదెలా? పొడి మట్టికన్నా తడి మట్టి ఎక్కువ వేడిని దాచుకుంటుంది. కాబట్టి నీళ్లు రాత్రి కాకుండా మధ్యాహ్నంలోపే, ఆకుల మీద కాకుండా మొదట్లో పోయాలి. కుండీలైతే మరీ సులువు, పడమటి ఎండ పడే గోడ పక్కకు జరిపితే సరి.

మల్లె దగ్గరే చాలామంది పొరబడతారు. ఆకులు రాలుస్తోందని కంగారుపడి నీళ్లు, ఎరువు గుమ్మరిస్తారు. నిజానికి దానికది విశ్రాంతి సమయం. నవంబరు నుంచి నీళ్లు బాగా తగ్గించి, జనవరిలో కొమ్మలు కత్తిరించి, ఆ తర్వాత ఎరువు వేసి నీరు పెడితేనే వేసవిలో మొగ్గలు విరగకాస్తాయి. చామంతి, బంతి సంగతి అడగనే అక్కర్లేదు. వాటికి చలంటే పండగే.

దీపావళి దాటాక సున్నితమైన మొక్కలకు యూరియా జోలికి పోవద్దు. అది తెచ్చే లేత చిగుళ్లే ముందు మాడతాయి. మాడిన కొమ్మల్ని వెంటనే నరికేయాలని చెయ్యి దురద పెడుతుంది. ఆగండి! కింది కొమ్మలకు అవే గొడుగు. ఫిబ్రవరిలో చలి తగ్గాక బెరడును గోటితో కాస్త గీకి చూడండి. లోపల పచ్చగా ఉంటే ఆ కొమ్మకు ప్రాణం ఉన్నట్లే. గోధుమరంగులో ఎండిపోయి కనిపిస్తే, పచ్చదనం తగిలే దాకా కత్తెర వేయొచ్చు.