విషాన్ని భుజించే మట్టి

న్యూజీలాండులోని హామిల్టన్ నగరపు ఉత్తర శివారైన రోటోటూనా ఒకప్పుడు పాడిపశువుల పచ్చికబయలు. నేడు అక్కడ నివసించే తెలుగు కుటుంబాలు సెలవు దినాన పిల్లలతో పిరోంగియా కొండ అడవికి వెళ్ళినప్పుడు, దారి మొదట్లో ఒక్కొక్కసారి హెచ్చరిక పలక కనబడుతుంది. అడవిలో 1080 అనే విషం చల్లారు, ఎరలను ముట్టరాదు, కుక్కలను తేరాదు అని దాని సారాంశం. ఆ విషం వానకు కరిగి మట్టిలోనికి, వాగులలోనికి చేరితే ఏమవుతుందన్న సందేహం తల్లిదండ్రులకు కలగడం సహజమే.

1080 అంటే సోడియం ఫ్లోరోఎసిటేట్. పందొమ్మిదవ శతాబ్దంలో బొచ్చు వ్యాపారం కోసం ఆస్ట్రేలియా నుండి తెచ్చిన పోసమ్ అనే జంతువు ఇక్కడి అడవులను మేసివేసింది, పక్షుల గుడ్లను తిన్నది, పశువులకు క్షయను అంటించింది. దానిని అదుపు చేయడానికే 1950ల నుండి ఈ విషాన్ని వాడుతున్నారు. ఇది శరీరంలో ప్రవేశించి ఫ్లోరోసిట్రేట్‌గా మారి, జీవకణంలో శక్తిని పుట్టించే చక్రాన్ని స్తంభింపజేస్తుంది.

ఈ అణువులో ఒక కర్బన పరమాణువు ఫ్లోరిన్‌తో ముడిపడి ఉంది. కర్బనం ఏర్పరచే ఏకబంధాలలో ఇంతకంటె దృఢమైనది అరుదు. అయినా 1965లో పీటర్ గోల్డ్‌మన్ అనే శాస్త్రజ్ఞుడు, మట్టి బాక్టీరియాలోని ఒక ఎంజైము ఈ ముడిని విప్పుతుందని వెల్లడించాడు. దాని పేరు ఫ్లోరోఎసిటేట్ డీహాలోజినేజ్. ఎంజైములోని ఆస్పార్టేట్ అనే అమైనో ఆమ్లం కర్బనాన్ని వెనుకనుండి పట్టుకుంటుంది. చుట్టూ ఉన్న ఇతర అమైనో ఆమ్లాలు ఫ్లోరిన్‌ను హైడ్రోజన్ బంధాలతో తమవైపు లాగుతాయి. ముడి వీడిన పిమ్మట ఒక నీటి అణువు వచ్చి ఎంజైమును విడిపిస్తుంది. మిగిలేవి ఫ్లోరైడు, గ్లైకోలిక్ ఆమ్లం. రెండవది బాక్టీరియాకు ఆహారం.

ఇదే వంశానికి చెందిన మరొక ఎంజైము క్లోరిన్ గల హైడ్రోకార్బన్లను విడగొడుతుంది. 1985లో నెదర్లాండ్స్ శాస్త్రజ్ఞులు, డైక్లోరోఈథేన్‌నే ఆహారంగా తిని పెరిగే జాంథోబాక్టర్ అనే బాక్టీరియాలో దీనిని వర్ణించారు.

మరి క్లోరిన్ బంధం ఫ్లోరిన్ బంధం కంటె బలహీనమే కదా, డి.డి.టి. త్వరగా నశించవలసినది కాదా? జరిగింది వేరు. ఈ దేశపు పచ్చికలలో గడ్డివేళ్ళను తినే పురుగుల కోసం చల్లిన డి.డి.టి.ని 1989లో పూర్తిగా నిషేధించారు. దాని అవశేషాలు దశాబ్దాలు గడిచినా కొన్ని పొలాల మట్టిలో మిగిలే ఉన్నాయి. డి.డి.టి. నీటిలో కరగదు, మట్టిరేణువులకు అంటుకుని ఎంజైముకు చిక్కదు. ఫ్లోరోఎసిటేట్ నీటిలో సులభంగా కరుగుతుంది. పైగా అది ప్రకృతికి కొత్త కాదు. దక్షిణాఫ్రికాలోను, ఆస్ట్రేలియాలోను కొన్ని మొక్కలు ఆత్మరక్షణకై దానిని తయారుచేసుకుంటాయి. తాళం ఎంత గట్టిదన్నది కాదు, తాళపుచెవి ఉన్నదా, అది తాళాన్ని చేరగలదా అన్నదే ప్రశ్న.

అయితే ఈ తాళపుచెవి తిరగడానికి తేమ, వెచ్చదనం కావాలి. 23 డిగ్రీల సెల్సియస్ వద్ద మట్టిలోని విషం సగానికి తగ్గడానికి సుమారు 10 రోజులు పడితే, 5 డిగ్రీల వద్ద సుమారు 80 రోజులు పడుతుంది. పొడిగా పడి ఉన్న ఎరలోను, చనిపోయిన పోసమ్ కళేబరంలోను అది నెలల తరబడి నిలువవచ్చు. కుక్కలకు ఇది అతి స్వల్ప మోతాదులోనే ప్రాణాంతకం. దీనికి ప్రత్యేకమైన విరుగుడు మందు లేదు.

కనుక వాగునీటిని చూచి బెదరనక్కరలేదు గాని, హెచ్చరిక పలకను చూచి వెనుదిరగడం మాత్రం విధి. మట్టిలోని సూక్ష్మజీవి తన పని తాను చేస్తుంది, కాని దానికి వ్యవధి కావాలి. ఆ వ్యవధిలో పిల్లలను, పెంపుడు కుక్కను కాపాడుకోవడం మన పని.