కుదుపు తరువాత ఏమవుతుంది?

ఎర్రగా కాలిన కొడవలిని కమ్మరి ఒక్కసారిగా నీళ్ళలో ముంచడం మీలో కొందరైనా చూసి ఉంటారు. అలా ముంచితే ఉక్కు గట్టిపడుతుంది. అదే కొడవలిని మెల్లగా చల్లారనిస్తే అంత గట్టిదనం రాదు. మొదటి వేడి ఒకటే, చివరి చల్లదనం ఒకటే. నడిచిన దారే వేరు. ఇలా పరిస్థితిని ఉన్నట్టుండి మార్చడాన్ని ఇంగ్లీషులో 'క్వెంచ్' అంటారు. ప్రపంచంలోకెల్లా చల్లని వాయువులను పరిశీలించే శాస్త్రవేత్తలు కూడా ఇదే మాట వాడతారు.

ముందుగా ఆ వాయువుల సంగతి. ఎలక్ట్రాన్లు, లిథియం-6 పరమాణువులు ఫెర్మియాన్ల జాతికి చెందినవి. ఎన్రికో ఫెర్మి పేరు మీదుగా వచ్చిన పేరిది. రైల్లో బెర్తుకు ఒక్కరే అన్నట్టు, ఒక స్థితిలో ఒక్క ఫెర్మియాన్‌కే చోటు. అయితే బాగా చల్లబడితే ఇవి రెండేసి చొప్పున జతకడతాయి. జతలన్నీ ఒకే అడుగుతో కదులుతాయి. అప్పుడు ప్రవాహానికి అడ్డు ఉండదు. లోహాల్లో ఎలక్ట్రాన్ల జతలు ఎలా పనిచేస్తాయో 1957లో బార్డీన్, కూపర్, ష్రీఫర్ వివరించారు. 1972లో వారికి నోబెల్ బహుమతి వచ్చింది.

మన టాటీబంధ్‌లోని ఎయిమ్స్ వంటి పెద్ద ఆసుపత్రుల్లో వాడే ఎం.ఆర్.ఐ. యంత్రాలకు ఆధారం ఈ జతలే. మైనస్ 269 డిగ్రీల ద్రవ హీలియంలో చల్లబడిన తీగచుట్టలో కరెంటు తరుగులేకుండా తిరుగుతుంది. తీగ ఎక్కడైనా వేడెక్కితే జతలు విడిపోతాయి, హీలియం మరిగి గొట్టం గుండా బయటికి పోతుంది. దాన్నీ క్వెంచ్ అనే అంటారు.

ఆ క్షణంలో జతలకు ఏమవుతుంది? లోహంలో ఎలక్ట్రాన్ల కదలిక మరీ వేగం, కంటికి చిక్కదు. లిథియం-6 పరమాణువు ఎలక్ట్రాన్ కన్నా దాదాపు 11 వేల రెట్లు బరువు. పైగా ఈ వాయువు గాలి కన్నా లక్షల రెట్లు పలచన. అందుకే ఇందులో మార్పులు నెమ్మదిగా జరుగుతాయి, ఫొటోలు తీయడానికి వీలవుతుంది. 1999లో అమెరికాలో డెబొరా జిన్, బ్రయన్ డిమార్కో పొటాషియం-40తో ఈ దారి తెరిచారు. 2005లో ఎం.ఐ.టి.లో వోల్ఫ్‌గాంగ్ కెటర్లీ బృందం లిథియం వాయువును తిప్పితే, బారులు తీరిన సుడులు కనిపించాయి. అడ్డులేని ప్రవాహానికి అవే రుజువు. ఆ చలి మైనస్ 273.15 డిగ్రీలకు ఒక డిగ్రీలో పదిలక్షో వంతు దూరం కూడా లేనంతటిది.

ఈ వాయువులో పరమాణువుల మధ్య ఆకర్షణను అయస్కాంత క్షేత్రంతో పెంచవచ్చు, తగ్గించవచ్చు. మెల్లగా మారిస్తే జతలు సర్దుకుంటాయి. ఒక్కసారిగా మారిస్తే? లెక్కల ప్రకారం మూడు దారులున్నాయి. జతల బలం ఊగి ఊగి ఒకచోట నిలవవచ్చు, ఆగకుండా ఊగుతూనే ఉండవచ్చు, లేదా పూర్తిగా అణగారిపోవచ్చు. ఏ దారి అన్నది కుదుపు ఎంతటిదో దాన్నిబట్టి ఉంటుంది. 2018లో జర్మనీలోని బాన్ విశ్వవిద్యాలయంలో రేడియో తరంగాలతో లిథియం జతలను కదిపి, వాటి బలం ఊగడాన్ని గుర్తించారు.

బదిలీల మీద తిరిగే మన పిల్లలకు ఇది కొత్త కాదు. ముందే తెలిసిన బదిలీకి, సంవత్సరం మధ్యలో వచ్చిపడే బదిలీకి తేడా మీకే బాగా తెలుసు. చేరే ఊరు ఒకటే అయినా కుదురుకునే తీరు వేరు.

పాఠ్యపుస్తకాల్లో ఎక్కువగా కుదురుకున్న స్థితుల లెక్కలే ఉంటాయి. ఆకర్షణ బలంగా ఉన్న జతలు కుదుపు తరువాత ఎలా కుదుటపడతాయన్న లెక్క ఇంకా పూర్తిగా తేలలేదు. భౌతికశాస్త్రం ఇష్టపడేవారికి అక్కడ కావలసినంత పని ఉంది.